రోల్ చివరి గులాబీ గీత

రోహిణి కార్తె. మధ్యాహ్నం రెండు దాటింది.
మద్దిలపాలెం డిపోలో క్యాష్ కట్టేసి వచ్చాను.
టికెట్ మిషన్‌లోంచి తీసిన పాత రోల్‌కి
గులాబీ గీత పడ్డ మూరెడు కాగితం మిగిలింది.
దాని మీద గీస్తున్నాను
కార్తీకమాసపు తోట.

డాబా మీద ఇప్పుడు అడుగు పెడితే
అరికాలు అట్టయిపోతుంది.
పోర్టు నుంచి లేచొచ్చిన నల్లదుమ్ము
దండెం మీది నా ఖాకీ చొక్కాని దులిపి పోయింది.
పోయినేటి టమాటా పుల్ల ఒకటి
ఇంకా తాడుకి కట్టినట్టే నిలబడి ఉంది,
నువ్వు చచ్చిపోయావని ఎవరూ చెప్పనట్టు.

ఎల్లాజీ ఇచ్చిన థర్మాకోల్ పెట్టెలు పదకొండు.
హార్బర్లో వంజరాలు మోసినవి.
ఎన్ని నీళ్లకి కడిగినా వాసన పోలేదు,
సందులో పిల్లులకి ఆశా పోలేదు.
ఆరు ముల్లంగికి.
లోతు చాలదు, ఒప్పుకుంటాను.
కానీ ముల్లంగి సర్దుకుంటుంది,
ఆదివారం సాయంత్రం బీచికెళ్లే బస్సులో జనంలాగా
ఒకరి మోచేయి ఒకరికి ఆనించుకుని.

చిక్కుడు వాటర్ ట్యాంకు పక్కన.
ఆ ట్యాంకు నీడ చలికాలంలో ఎటు పడుతుందో
ఈ మేనెల ఎండలో కూర్చుని ఎలా తెలుస్తుంది?
సన్యాసిరావుని అడిగాను.
ఇరవై రెండేళ్లుగా స్టీరింగ్ పట్టినవాడు
ఒక్క క్షణం రెండు కళ్లూ మూసుకుని చెప్పాడు:
"పొద్దున్న సింహాచలం నుంచి తిరిగొస్తుంటే
వేసవిలో ఎండ నా ఎడమకంట్లో పొడుస్తుంది,
చలికాలం కుడికంట్లో."
అంటే సూర్యుడు దక్షిణానికి జరుగుతాడు,
నీడ ఉత్తరానికి వాలుతుంది.
చిక్కుడు పెట్టెని ట్యాంకుకి ఈవలి పక్కకి జరిపాను,
కాగితం మీదే. బరువు లేదు.

పెందుర్తిలో తొలి బస్సుకి
ఆనపకాయల మూటతో ఎక్కుతుంది అప్పలకొండమ్మ.
కొంగు ముడి విప్పి పది గింజలు నా అరచేతిలో పోసి,
నా తొందర చూసి నవ్వింది.
"ఏటి తల్లీ, రోయిణిలో ఇత్తనం పెడతావేటి?
ఏగిపోద్ది. మిరగం దాటనీ."
దాటనిస్తాను.
శ్రావణంలో వంగనారు, భాద్రపదంలో నాటు,
విశాఖ కార్తెకి మొదటి కోత.
మా ఊరి పేరు పెట్టుకున్న కార్తె
మాకు నాలుగు వంకాయలైనా ఇవ్వదా?

అక్టోబరు దగ్గర ఒక గడి ఖాళీగా వదిలేశాను.
అక్కడేమీ వేయను.
అది తుఫానుది.
సముద్రం ఎక్కడానికి స్టాపు అడగదు,
చిల్లర ఇవ్వదు, దిగమంటే దిగదు.
హెచ్చరిక జెండా లేచిన రోజు
పెట్టెలన్నీ మెట్ల కిందికి దించాలి.
మెట్ల కింద ఇంటి ఓనరు నూకరత్నంగారి స్కూటరుంది.
ఆ సంగతి అక్టోబరులో మాట్లాడుకుందాం.
ఇప్పటికి ఆవిడతో నాకున్న తగువు
స్లాబు కారుతుందా, కారదా అన్నదొక్కటే.

టీ పెట్టుకుని వచ్చేలోపు
కాగితం గాలికెగిరి రేకు మీద పడింది.
ఎండకి కాలిన టికెట్ కాగితం సంగతి తెలుసుగా,
మొత్తం నల్లబడిపోయింది.
క్యాబేజీ లేదు, కొత్తిమీర లేదు,
గులాబీ గీత కూడా లేదు.
నెల రోజుల లెక్క
ఇంజనాయిల్ పడ్డ గుడ్డలా ఉంది చేతిలో.

కోపం రావాలి. వచ్చింది కూడా.
టీ చల్లారేదాకా ఉంది.

తర్వాత కాగితాన్ని వెలుగుకి ఏటవాలుగా పట్టుకుంటే
నలుపులో పెన్ను ఒత్తిన గాళ్లు కనబడ్డాయి,
సన్నగా, పక్కపక్కనే,
అప్పుడే దున్నిన చాళ్లలాగా.

ముల్లంగి ఆరా, ఏడా?
వేలితో తడుముతున్నాను.